చేపల్ని బట్టి నది కాలుష్యాన్ని అంచనా కట్టడం: మూసీ ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

"మూసీలో చేపలు పడుతున్నాయిగా, ఇంకేం, నీళ్లు బాగుపడ్డట్టే" అనే మాట తరచూ వినిపిస్తుంది. ఏ చేప పడిందని అడిగితే జిలేబి, మార్పు, అప్పుడప్పుడూ కొర్రమీను అని చెబుతారు. ఇక్కడే లెక్క తప్పుతుంది. మార్పు, ఇంగిలాయి, కొర్రమీను, మట్టగిడిస పైకొచ్చి గాలి పీల్చుకోగల చేపలు. నీటిలో ఆక్సిజన్ దాదాపు లేకపోయినా బతికేస్తాయి. జిలేబి గాలి పీల్చకపోయినా మురుగును చాలావరకు తట్టుకుంటుంది. అవి ఉన్నాయంటే నీరు బాగుందని కాదు, ఆ నీటిలో మిగలగలిగినవి అవే అని. ఎవరెవరు ఉండాల్సిన చోట ఎవరు లేరన్నదే చేపల ద్వారా నదిని చదవడంలో అసలు ప్రశ్న.

నీటి నమూనా సీసాలో పట్టిన ఆ ఒక్క క్షణం సంగతే చెబుతుంది. ఫ్యాక్టరీ రాత్రి రెండింటికి వదిలి నాలుగింటికి ఆపేస్తే, పదింటికి పట్టిన సీసాలో ఏమీ దొరకదు. చేప మాత్రం ఆ రాత్రి కూడా అక్కడే ఉంది. అందుకే ఈ పని. డిగ్రీ, పీజీ ప్రాజెక్టు చేసేవాళ్లు, ఏటి మీద పనిచేసే స్వచ్ఛంద బృందాలు వరుసగా చేసుకోగలిగేలా కింద రాశాం. రసాయన పరీక్షలకు మాత్రం ప్రయోగశాల కావాలి.

1. ముందు ప్రశ్న రాసుకోండి

"కాలుష్యం ఉందా?" అన్నది ప్రశ్న కాదు. మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. నది మొత్తంగా ఎంత దెబ్బతింది? అలా అయితే చేపల జాతుల లెక్క చాలు. ఫలానా కాలువ కలిసే చోట విషం ఉందా? అలా అయితే చేప ఒంట్లోని మార్పులు చూడాలి. ఈ చేప తింటే ప్రమాదమా? అలా అయితే కండలో లోహాల పరీక్ష. మూడూ ఒకేసారి మొదలుపెట్టిన ప్రాజెక్టులు ఎక్కువగా మూడింటినీ సగంలో వదిలేస్తాయి.

2. చోట్లు, పోలికకు మంచి చోటు

అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే లోపు మూసీ రెండు వేర్వేరు నదుల్లా ఉంటుంది. 1908 వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) పై నీటిని ఆపేస్తాయి. వాటి కింద హైదరాబాద్ నగరంలో ఎండాకాలం పారేది చాలావరకు మురుగే. అందుకని గండిపేట (ఉస్మాన్‌సాగర్) పైన ఉన్న చిన్న వాగును "మంచి చోటు"గా, నాగోల్‌ను "చెడ్డ చోటు"గా పెట్టి పోల్చడం తప్పు. వాగు ఎండిపోయేది, ఇక్కడ ఏడాదంతా నీరు. చేపలు మారడానికి ఆ ఒక్క తేడా చాలు.

పోలికకు అంతే వెడల్పు, అంతే లోతు, అదే రకం అడుగు ఉన్న వేరే ఏరు కావాలి. దక్కన్ పీఠభూమి మీద పుట్టి కృష్ణలోనే కలిసే పాలేరు, మున్నేరులలో పెద్ద ఊళ్లకు ఎగువన సరిపోయే చోట్లు వెతకండి. ఒకటి కాదు, కనీసం రెండు. ఒకే ఒక్క పోలిక చోటు ఉంటే దాని సొంత విచిత్రాలన్నీ మీ ఫలితంలోకి వచ్చేస్తాయి.

మూసీ మీద వరుస ఇలా పెట్టుకోవచ్చు: నాగోల్, ప్రతాపసింగారం, పిల్లాయిపల్లి, వలిగొండ, సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు ఎగువ, వాడపల్లి. మధ్యలో కత్వలు (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు) చాలా ఉన్నాయి. ప్రతి కత్వ వెనకా నీరు నిలిచి మడ్డి అడుగున దిగుతుంది, కత్వ మీద నుంచి దూకేటప్పుడు గాలి కలుస్తుంది. కత్వ పైన, కింద లెక్కలు వేరుగా వస్తాయి. కాబట్టి అన్ని చోట్లా కత్వకు ఒకే వైపున, ఒకే దూరంలో వల వేయండి. కత్వ చేపల రాకపోకలకూ అడ్డమే. పైన ఒక జాతి లేదంటే కాలుష్యం వల్లా, ఎక్కలేకపోవడం వల్లా అన్నది విడిగా ఆలోచించాలి.

ఒక్కో చోట కనీసం 150 మీటర్ల పొడవు తీసుకోండి. అందులో ఒడ్డు, మడుగు, పారే నీరు మూడూ ఉండాలి.

3. కాలం, అనుమతులు

ఏడాదికి రెండుసార్లు: ఏప్రిల్-మేలో ఒకసారి, వానలు వెనకబట్టాక నవంబరు-డిసెంబరులో ఒకసారి. జూన్ నుంచి ఆగస్టు దాకా వద్దు. వరదలో వల నిలవదు, పైగా అది చాలా చేపలు గుడ్లు పెట్టే కాలం. జన (గుడ్లు) నిండిన ఆడచేప బరువు తూచి ఒళ్లు చేసిందనుకునే పొరపాటు అప్పుడే జరుగుతుంది.

మత్స్యశాఖ అనుమతి తీసుకోండి. ఆ నీటి మీద హక్కున్న మత్స్యకార సహకార సంఘంతో ముందే మాట్లాడండి. వల వేసేది వాళ్లయితేనే పని సాగుతుంది, ఏ చేప ఎప్పుడు కనపడకుండా పోయిందో వాళ్లకే తెలుసు. మందుగుండు, విషం వాడి చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం కిందే నేరం. కళాశాల ప్రాజెక్టు అయితే జంతు ప్రయోగాల నైతిక కమిటీ అనుమతి కూడా ముందే చూసుకోండి.

మోకాళ్ల దాకా బూట్లు, మోచేతి దాకా రబ్బరు చేతొడుగులు తప్పనిసరి. చేతి మీద గాయముంటే నగరం దిగువ నీటిలో దిగొద్దు.

4. వల వేయడం

అన్ని చోట్లా ఒకే మనుషులు, ఒకే వల, ఒకే శ్రమ. ఈ ఒక్క నియమం తప్పితే మిగతా అంకెలన్నీ వృథా.

విసురువల: చోటుకు 20 విసుర్లు. ఒడ్డున 8, పారే నీటిలో 6, మడుగులో 6 అని ముందే పంచుకోండి. చేపలు కనిపించిన చోటే విసరాలని జాలరికి చెయ్యి లాగుతుంది, అది ఆయన వృత్తి. మనకు మాత్రం లెక్క కావాలి.

గిల్‌నెట్ (చేప మొప్పల దగ్గర చిక్కే వల): 14, 20, 30, 45, 60, 80 మిల్లీమీటర్ల కన్నున్న ముక్కల్ని వరుసగా కట్టి, సాయంత్రం 6కి వేసి పొద్దున 6కి తీయాలి. పెద్ద కన్ను వల ఒక్కటే వేస్తే పరకలన్నీ జారిపోతాయి. మనకు అసలు సాక్షులు ఆ పరకలే, కారణం కింద చెబుతాం. నగరం దిగువన గుర్రపుడెక్క వలకు చుట్టుకుంటే ఆ రాత్రి లెక్కలోకి రాదు, మళ్లీ వేయాలి.

ఒడ్డున గడ్డిలో, రాళ్ల కింద ఉండేవాటి కోసం చేతి వలతో 30 నిమిషాలు. ఇసుకదొందు, బొమ్మిడాయి ఇక్కడే దొరుకుతాయి.

వల వేసిన ప్రతిసారీ నీటి ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుత్ వాహకత, కరిగిన ఆక్సిజన్ కొలవండి. ఆక్సిజన్‌ను మధ్యాహ్నం ఒక్కసారే కొలిచి వదిలేయకండి. నాచు పచ్చగా ఉన్న నీటిలో మధ్యాహ్నం మీటరు ఆశ్చర్యపడేంత ఎక్కువ చూపిస్తుంది. రాత్రంతా ఆ నాచే ఆక్సిజన్ తాగేసి తెల్లవారుజామున 5కి నీరు ఉక్కిరిబిక్కిరవుతుంది. చేప చచ్చేది ఆ వేళకే. చేపల మనుగడకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 'డి' తరగతికి పెట్టిన హద్దులు ఇవి: ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, పీహెచ్ 6.5-8.5 మధ్య ఉండాలి, స్వేచ్ఛా అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములు దాటకూడదు. అమ్మోనియా దగ్గర ఒక మెలిక ఉంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన రూపం ఒక శాతం కూడా ఉండదు, పీహెచ్ 8కి 5 శాతం, 9కి మూడో వంతు దాటుతుంది. నాచున్న నీటిలో మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది కాబట్టి అదే మురుగు పొద్దున చంపకుండా మధ్యాహ్నం చంపొచ్చు.

5. లెక్కపెట్టడం, మార్కులు వేయడం

చేపల్ని జాతుల వారీగా విడదీసి ఎన్ని ఉన్నాయో, ఒక్కోదాని పొడవు, బరువు రాయండి. గుర్తుపట్టలేనిది ఒక్కటి మాత్రం పది శాతం ఫార్మలిన్‌లో వేసి తెచ్చుకోండి, మిగతావి నీళ్లలోకే.

చేపల్ని బట్టి నదికి మార్కులు వేయడానికి 1981లో అమెరికాలో జేమ్స్ కార్ రూపొందించిన జీవ సమగ్రతా సూచికలో 12 కొలతలు ఉంటాయి. ఒక్కోదానికి 5, 3, 1 మార్కుల్లో ఒకటి, మొత్తం 12 నుంచి 60 దాకా. మన దేశంలో దీన్ని మధ్యప్రదేశ్‌లోని ఖాన్, క్షిప్రా నదులకు మార్చి వాడారు, ఆ ఫలితాలు 1998లో అచ్చయ్యాయి. పట్టికను మూసీకి యథాతథంగా దించుకోకూడదు. అమెరికా ఏటి డార్టర్లు, సన్‌ఫిష్‌లు మనకు లేవు. ఇక్కడికి పనికొచ్చే కొలతలు ఈ పది, కాబట్టి మొత్తం మార్కులు 10 నుంచి 50 దాకా:

- స్థానిక జాతుల సంఖ్య
- ఎవరూ తెచ్చి వదలని చిన్న చేపల జాతులు (పరకలు వగైరా)
- అడుగున బతికే జాతులు (ఇసుకదొందు, బొమ్మిడాయి, జెల్లలు)
- గాలి పీల్చే చేపల శాతం
- పరదేశీ చేపల శాతం (జిలేబి, ఆఫ్రికా క్యాట్‌ఫిష్, గంబూసియా)
- ఏదైనా తినే చేపల శాతం
- పురుగులు తినే చేపల శాతం
- వేటాడే చేపల శాతం (వాలుగ వంటివి)
- ఒక్కో విసురుకు పడిన చేపల సంఖ్య
- పుండ్లు, గడ్డలు, వంకరలు, తిన్న రెక్కలు ఉన్నవాటి శాతం

రెండో కొలత దగ్గర కాసేపు ఆగాలి. తెలంగాణలో 2016 నుంచి చెరువుల్లో, జలాశయాల్లో ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లల్ని వదులుతోంది. మూసీ ప్రాజెక్టులో బొచ్చె, రవ్వ, మోసు పడితే నది పెంచిందా, లారీ తెచ్చిందా అన్నది తేల్చలేం. ఏ పథకమూ పరకపిల్లల్ని వదలదు. అవి ఉన్నాయంటే అక్కడే పుట్టి, అక్కడే గుడ్లు పెట్టి బతికాయనే. జాతుల జాబితాలో వదిలిన చేపలకు పక్కన గుర్తు పెట్టి, మార్కుల్లోంచి తీసేయండి. ఇది చేయని నివేదికల్లో జలాశయం దగ్గర నది అమాంతం "కోలుకుంటుంది".

మార్కుల హద్దులు పోలిక చోట్లను బట్టి పెట్టాలి. అక్కడి జాతుల సంఖ్యలో మూడింట రెండు వంతులకు పైగా ఉంటే 5, మూడో వంతు నుంచి రెండు వంతుల దాకా 3, అంతకు తక్కువైతే 1. పోలిక ఏట్లో 18 స్థానిక జాతులు పడ్డాయనుకుందాం. మీ చోట 5 పడితే మార్కు 1. కొన్నింటికి కార్ పద్ధతి హద్దులే సరిపోతాయి: ఏదైనా తినేవి 20 శాతం లోపు 5, 45 దాటితే 1, జబ్బు గుర్తులున్నవి 2 శాతం దాకా 5, 5 దాటితే 1. మొత్తం 50 చేపలు కూడా పడకపోతే శాతాలు వేయొద్దు. ఐదు చేపల్లో ఒకదానికి పుండుంటే అది 20 శాతం కాదు, ఒక చేప. అసలేమీ పడకపోతే ఖాళీ వదలకుండా సున్నా అని రాయండి. నాగోల్ దగ్గర ఆ సున్నాయే ఫలితం కావచ్చు.

6. చేప ఒంటి మీద చూడాల్సినవి

చేపను నీళ్ల తొట్టెలో పెట్టి లవంగనూనెతో మత్తివ్వండి. ఒక పాలు నూనెను తొమ్మిది పాళ్ల ఇథనాల్‌లో కలిపి, ఆ మిశ్రమాన్ని లీటరు నీటికి 0.4-0.5 మిల్లీలీటర్లు వేస్తే రెండు మూడు నిమిషాల్లో కదలిక తగ్గుతుంది. కోయాల్సిన చేపకు పదింతలు వేసి, మొప్పల కదలిక ఆగాక మరో పది నిమిషాలు ఉంచాలి.

ముందు బయట. వల గాయానికీ పాత జబ్బుకూ తేడా కంటితోనే తెలుస్తుంది. వల దెబ్బకి పొలుసులు గీత గీసినట్టు ఊడి, అంచు ఎర్రగా తడిగా ఉంటుంది. కాలుష్యం తిన్న రెక్క అంచు తెల్లగా, మందంగా, ముద్దగా ఉంటుంది. చలికాలంలో కొర్రమీను, మట్టగిడిసలకు వచ్చే లోతైన ఎర్రటి పుండు తరచూ అఫానోమైసెస్ అనే జీవి తెచ్చే జబ్బు. దాన్ని నేరుగా ఫ్యాక్టరీ ఖాతాలో వేయొద్దు, వేరే గడిలో రాయండి. చేప పేను, లంగరు పురుగులకూ వేరే గడి.

తర్వాత మొప్పమూత ఎత్తండి. ఆరోగ్యమైన మొప్ప ముదురు ఎరుపు, తీగలు విడివిడిగా దువ్వెన పళ్లలా కనపడతాయి. పాలిపోయి జిగురు కారుతుంటే ఆమ్లమో, లోహమో, అమ్మోనియానో. గోధుమ రంగుకు తిరిగితే నైట్రైట్‌ను అనుమానించాలి, రక్తం కూడా చాక్లెట్ రంగులో ఉంటుంది. తెల్లగా వెలిసిపోతే క్లోరిన్. పది రెట్ల భూతద్దంతో చూస్తే తీగల చివర్లు ఉబ్బి అంటుకున్నాయో లేదో తెలుస్తుంది.

సూక్ష్మదర్శిని కింద చూడాలంటే ఎడమ వైపు రెండో మొప్పను కోసి ఐదు నిమిషాల్లోగా ఫార్మలిన్‌లో వేయాలి. మే నెల ఎండలో మొప్ప నిమిషాల్లో కుళ్లడం మొదలవుతుంది. ఆలస్యమైతే అద్దం కింద పొరలు లేచినట్టు కనిపిస్తుంది, అచ్చం విషప్రభావంలాగే. మూసీలో "మొప్పల పొరలు లేచాయి" అని రాసేముందు మీ గడియారం చూసుకోండి. ఫార్మలిన్ ఇలా: 37 శాతం ఫార్మాల్డిహైడ్ 100 మిల్లీలీటర్లు, నీళ్లు 900, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ముక్కకు ఇరవై రెట్లు ద్రవం, ఒకటి రెండు రోజులు, తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి.

ఒళ్లు సూచిక: బరువును (గ్రాములు) 100తో గుణించి పొడవు (సెంటీమీటర్లు) ఘనంతో భాగించాలి. 20 సెంటీమీటర్ల చేప 96 గ్రాములుంటే 1.2, అదే పొడవుకు 76 గ్రాములుంటే 0.95. ఒకే జాతిని, దగ్గర దగ్గర పొడవున్నవాటినే పోల్చాలి. మురుగులో తిండి ఎక్కువ కాబట్టి జిలేబి బాగా బలిసి ఈ అంకె పోలిక చోటుకు మించొచ్చు. అది ఆరోగ్యం కాదు. కాలేయం కూడా తూచండి. కాలేయ బరువును శరీర బరువుతో భాగించి వందతో గుణించగా వచ్చే అంకె పోలిక చోటుకంటే పెరిగితే, ఒంట్లోకి వచ్చిన విషాన్ని విరగ్గొట్టే పని ఎక్కువైందని అనుమానించవచ్చు.

7. లోపలి సాక్ష్యం

రక్తం: హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) తడిపిన సిరంజితో తోక దగ్గరి రక్తనాళం నుంచి చుక్క తీసి గాజు పలక మీద పల్చగా పరవండి. ఆరాక మెథనాల్‌లో 10 నిమిషాలు, 5-10 శాతం గీమ్సా రంగులో 20-30 నిమిషాలు. ఎర్ర కణాల్లో అసలు కేంద్రకం పక్కన చిన్న చుక్కలాంటి సూక్ష్మకేంద్రకాలు వెతకాలి, అవి జన్యుపదార్థం దెబ్బతిన్నదనడానికి గుర్తు. చుక్క అసలుదానిలో మూడో వంతుకు మించకూడదు, తాకకూడదు, అదే రంగులో ఉండాలి, మెరవకూడదు. మెరిస్తే అది రంగు గడ్డ. చేపకు 2000 కణాలు, చోటుకు 10 చేపలు. పలకల మీద చోటు పేరు కాకుండా సంకేత సంఖ్య రాసి వేరేవాళ్లతో లెక్కపెట్టించండి. ఏ చోటిదో తెలిసిన కళ్లకు మురుగు చోట చుక్కలు ఎక్కువ కనపడతాయి.

పురుగుమందులు: వలిగొండ నుంచి కిందికి పొలాల నీరు కలిసే చోట్ల నరాల పనికి అవసరమైన ఎసిటైల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైమును మెదడులో కొలవండి. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులు దాన్ని అణచేస్తాయి. పోలిక చేపలకంటే 20 శాతానికి మించి తగ్గితే మందు తగిలిందనే, సగం దాటితే ప్రాణాపాయం. మెదడు తీసిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేయాలి. మంచు డబ్బాలో పెట్టి ఊరు చేరాక తీద్దామంటే కార్బమేట్ ప్రభావం దారిలోనే వదిలిపోతుంది.

లోహాలు: మొప్ప ఇటీవలి నీటి సంగతి చెబుతుంది, కాలేయం నెలల సంగతి, కండ మనం తినేది. పాదరసం మాత్రం కండలోనే ఎక్కువ. వీపు రెక్క కింది కండ, చర్మం లేకుండా, సెరామిక్ కత్తితో కోయండి. డబ్బాలు పది శాతం నైట్రిక్ ఆమ్లంలో ఒక రోజు నానబెట్టి కడిగినవి కావాలి. ఒకే జాతి, ఒకే సైజు 10 చేపలు. అన్నింటికంటే ఎక్కువగా దొర్లే తప్పు తడి బరువు, పొడి బరువు కలిపేయడం. చేప కండలో ముప్పావు వంతుకు పైగా నీరే. పొడి బరువు మీద వచ్చిన అంకె తడి అంకెకు నాలుగైదు రెట్లు ఉంటుంది. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణంలో సీసానికి హద్దు కిలోకు 0.3 మిల్లీగ్రాములు, అది తడి బరువు మీద. పొడి అంకెను దాని పక్కన పెట్టి "హద్దు దాటింది" అని రాసిన పత్రాలు ఎన్నో.

8. బోనులో చేప

వల్లో పడ్డ చేప నిన్న ఎక్కడుందో చెప్పలేం. ఆ అనుమానం తీరాలంటే ఒకే చెరువు నుంచి తెచ్చిన 10-15 చేపల్ని మీటరు ఘనపు వల బోనుల్లో పెట్టి, చోటుకు మూడు బోనులు 7 నుంచి 21 రోజులు నీటిలో ఉంచండి. ఆక్సిజన్ తెల్లవారుజామున 2 మిల్లీగ్రాముల లోపుకు పడే చోట బోను పెడితే మొదటి రాత్రికే చేపలు పోతాయి, లోహాల లెక్క దక్కదు. అలాంటి చోట చావే సమాధానంగా రాసుకోండి. కాపలా లేని బోను మూడో రోజుకు ఉండదు, అది వేరే సంగతి.

9. చేపలు తేలినప్పుడు

మొదటి రెండు గంటలే విలువైనవి. ఆక్సిజన్ లేక చచ్చినవి నోరు తెరిచి, మొప్పమూతలు విప్పార్చి ఉంటాయి. తెల్లవారుజామున జరుగుతుంది, పెద్ద చేపలు ముందు పోతాయి, గాలి పీల్చేవి మిగులుతాయి. విషమైతే ఏ వేళైనా కావచ్చు, తరచూ చిన్నవి ముందు పోతాయి, నీటి పురుగులూ చస్తాయి, వెన్ను వంగి పక్క రెక్కలు ముందుకు బిగుసుకోవచ్చు. ఉబ్బి తేలిన చేప ఒక రోజు కిందట, ఎక్కడో పైన చచ్చినది. దాన్ని వదిలేసి, కొట్టుకుంటున్నదాన్ని పట్టి మంచులో పెట్టండి. నీటిని కిందినుంచి పైకి వెళ్తూ గాజు సీసాల్లో నింపండి. బతికిన చేపలు మొదలయ్యే చోటికి కాస్త కిందే కారణం కలిసింది.

10. చేప చెప్పనివి

హైదరాబాద్ దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఉన్నట్టు 2007లో అచ్చయింది. రోగి రక్తంలో ఉండే మందు మోతాదుకన్నా అది ఎన్నో రెట్లు ఎక్కువ. మందులకు లొంగని బ్యాక్టీరియా సంగతి చేపల జాబితాలో కనపడదు, దానికి మడ్డిలో వేరే పరీక్ష. కలరా, కామెర్లు తెచ్చే క్రిములదీ అంతే. చేపల సూచిక 50 వచ్చిన చోట కూడా నీళ్లు తాగొచ్చని రాయకూడదు. సర్వేలో నగరం దిగువన కోసిన చేపల్ని ఎవరికీ వండుకోవడానికి ఇవ్వొద్దు, సున్నం చల్లి లోతుగా పూడ్చండి. జాలరులకు ఆ రోజు కూలి ముందే మాట్లాడుకుంటే ఈ చేపల కోసం పేచీ రాదు.